కుడికాలు కింద పెట్టకండి

ఆ రోజు ఎక్స్‌రే అమ్మాయి పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదిన్నరకి కొత్త మెట్టు మీద ఒక ట్రయలు ఫిల్మ్ తీయాలి. తొమ్మిది నుంచి రోగుల్ని చూడాలి. సాయంత్రం నాలుగింటికి పెద్ద డాక్టరుగారి గదికి వెళ్లి, తన ఉద్యోగం పర్మనెంటు చేస్తూ ఆయన సంతకం పెట్టిన కాగితం తెచ్చుకోవాలి. ఆ మూడో పని కోసం ఏడాదిగా ఎదురుచూస్తోంది. ఈ ఏడాదిలో ఒక్క సెలవు పెట్టలేదు, ఒక్క రోజు ఆలస్యంగా రాలేదు, తీసిన ఫిల్మ్ మళ్లీ తీయమని ఎవరి చేతా అనిపించుకోలేదు. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. ఒకటో తారీఖున జీతం రావడమనేది కూడా ఆ ఇంట్లో ఆమెతోనే మొదలు. కనుక ఆ కాగితం ఆమె ఒక్కదానిదే కాదు, ఇంటిల్లిపాదిదీను.

కొత్త మెట్టు సంగతి కాస్త చెప్పాలి. పాదం మధ్యలో ఉండే కీళ్లకి దెబ్బ తగిలితే, మనిషిని పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో చాలాసార్లు ఏమీ కనిపించదు. చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు కూర్చున్నట్టు ఎముకలన్నీ బుద్ధిగా ఎక్కడివక్కడ కూర్చుని ఉంటాయి. మనిషి లేచి నిలబడి ఒంటి బరువు పాదం మీద మోపితే అప్పుడు బయటపడుతుంది బండారం. ఎముకల్ని కలిపి పట్టుకునే లోపలి కట్టు తెగి ఉంటే, బొటనవేలి వెనకనున్న పొడుగాటి ఎముకకీ దాని పక్కదానికీ మధ్య సందు విచ్చుకుంటుంది. అది కూడా ఒక కాలిని చూసి తేల్చలేరు, రెండో కాలితో పోల్చి చూడాలి. ఇలాంటి దెబ్బలు రెండు మూడు చేజారిపోయాక, రోగి నిలబడటానికి వీలుగా రబ్బరు పరిచిన ఇనప మెట్టు తెప్పించారు పెద్ద డాక్టరుగారు. రోగి ఎక్కే ముందు ఒకసారి పరీక్షించి చూడమన్నారు.

పరీక్షించడానికి పాదం కావాలి. ఒంట్లో బాగున్నవాళ్లకి ఊరికే ఎక్స్‌రే తీయకూడదు. అందుకని అమ్మాయి బీరువా తెరిచి చుట్టాన్ని బయటికి తీసింది. చుట్టం అంటే అసలైన ఎముకలు లోపల కాస్త ఎడంగా పేర్చి, గాజులాంటి ప్లాస్టిక్కుతో పోతపోసిన కుడిపాదం. పని నేర్చుకునేవాళ్ల కోసం ఎప్పుడో కొన్నారు. వచ్చి ఏళ్లయినా వెళ్లే ఊసెత్తదు కనుక ఆ డిపార్టుమెంటులో అందరూ దాన్ని చుట్టం అనే పిలుస్తారు. అమ్మాయి చుట్టాన్ని మెట్టు మీద నిలబెట్టి, మనిషి బరువుకి బదులు పైన ఇసుక సంచీ పెట్టింది. అంతా బాగానే ఉంది. కంప్యూటరు ఒప్పుకోలేదు.

వారం కిందటే కొత్త ప్రోగ్రాము వేశారు. పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు సంఖ్య, ఫోన్ నంబరు లేకుండా అది మిషను మీట కూడా నొక్కనివ్వదు. "ట్రయలు" అని కొడితే పుట్టిన తేదీ అడిగింది. తేదీ కొడితే గుర్తింపు సంఖ్య చెల్లదంది. గోడ గడియారంలో ఎనిమిదీ ముప్పై ఎనిమిది. బయట బెంచీలు నిండుతున్నాయి. అమ్మాయి ఆలోచించేలోపే ఆమె వేళ్లు ఆలోచించేశాయి. పదో క్లాసు నుంచీ వాళ్లింట్లో ఏ ఫారం నింపాల్సొచ్చినా ఆమే నింపుతుంది. కరెంటు ఆఫీసు, బ్యాంకు, ఇంటి పన్ను, దేనికైనా సరే, తండ్రి పేరు, తేదీ, పన్నెండంకెల గుర్తింపు సంఖ్య, ఫోన్ నంబరు కళ్లు మూసుకుని రాసేస్తుంది. ఇప్పుడూ రాసేసింది. దెబ్బ ఎలా తగిలిందని అడిగితే వరసలో మొదటిదైన "జారి పడటం" నొక్కింది. ఫిల్మ్ ముత్యంలా వచ్చింది. పేరు కొట్టేద్దామనుకునేంతలో పెద్దగా దగ్గుతూ ఒక ముసలాయన లోపలికొచ్చాడు. ఆయన ఛాతీ ఫిల్మ్ తీసేసరికి ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. కొట్టేయాల్సిన పేరు కంప్యూటర్లోనే ఉండిపోయింది.

కంప్యూటర్లో ఉన్నది అక్కడే ఉండదు. ఆ ఆసుపత్రి ఫిల్ములన్నీ ఇంకో ఊళ్లో కూర్చుని రోజుకి రెండు వందల ఫిల్ములు చదివే డాక్టరుకి వెళతాయి. ఆయన రోగి మొహం ఎన్నడూ చూడడు. ఆసుపత్రి వాళ్లు ఆయన మొహమూ చూడలేదు. చుట్టం ఫిల్మ్ ఆయనకి తొమ్మిదింపావుకి చేరింది. తొమ్మిదిన్నరకి జవాబొచ్చింది. "కుడిపాదం, నిలబడి తీసినది. మొదటి రెండు పొడవు ఎముకల మధ్య అయిదు మిల్లీమీటర్ల సందు. మధ్యపాదం కీలు పూర్తిగా విడిపోయింది. వెంటనే ఆపరేషను అవసరం. ఎముకల చుట్టూ కండ నీడ బొత్తిగా లేదు, రోగి చాలా చిక్కిపోయి ఉన్నట్టు తోస్తోంది, ఆహారం విషయమై కనుక్కోగలరు." పక్కన ఎర్ర గుర్తు పెట్టాడు.

ఎర్ర గుర్తు పడితే పది నిమిషాల్లో రోగికి కబురు చేయాలి. ఆ పని ఫోన్ సిస్టరుది. ఆమె సర్వీసులో పదకొండో నిమిషం ఎరగదు.

ఆ సమయానికి అమ్మాయి తండ్రి ఇంటి ముందుగదిలో, అంటే తన దర్జీ దుకాణంలో, ప్యాంటు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఫోను మోగింది.

"మీ కుడికాలి ఫిల్మ్ చూశారండీ. పాదం మధ్య కీలు విడిపోయింది. కుడికాలు కింద పెట్టకండి. అస్సలు పెట్టకండి. అంబులెన్సు పంపిస్తున్నాం."

"ఫిల్మ్ ఎప్పుడు తీశారమ్మా?"

"ఇవాళ పొద్దున ఎనిమిదీ నలభైకి."

ఎనిమిదీ నలభైకి తాను పళ్లు తోముకుంటున్నట్టు దర్జీకి బాగా గుర్తు. అయినా ఆయన వాదించలేదు. మిషను పెడలు మీదున్న కుడికాలిని రెండు చేతులతో ఎత్తి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు కత్తిరింపు బల్ల మీద పెట్టుకున్నాడు. భార్య టీ పట్టుకొచ్చి, ఆ కాలిని చూసి, ఏమైందని అడిగింది. ఆయన చెప్పాడు.

"మీరు ఆసుపత్రికి వెళ్లనే లేదు కదా," అంది ఆవిడ.

"ఇప్పుడు వెళ్లక్కర్లేదేమోనే. కొత్త సామాను వచ్చిందని అమ్మాయి వారం నుంచి చెబుతోందిగా."

"మనిషి లేకుండా ఫిల్మ్ ఎలా తీస్తారండీ?"

"అది మనకి తెలిస్తే మనమే ఉద్యోగం చేద్దుం. అమ్మాయి పనిచేసే చోటు, తప్పు చెప్పరు."

ఆవిడ కూతురికి ఫోన్ చేసింది. డ్యూటీలో ఫోను పెట్టెలో పెట్టి తాళం వేయాలన్నది ఆసుపత్రి నియమం. దాన్ని పాటించే ఒకే ఒక్క మనిషి వాళ్లమ్మాయే. ఫోను పెట్టెలో పద్నాలుగుసార్లు మోగింది. చేసేది లేక ఆవిడ పక్కవీధిలో ఉండే ఆడబిడ్డకి చెప్పింది. ఆడబిడ్డ బయల్దేరేటప్పటికి విషయం పాదంలో కీలు. వీధి మలుపు తిరిగేసరికి మోకాలు. మలుపులో చాకలి కొట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ, కాలు తీసేస్తారట అని చెప్పింది. తమ్ముడి గుమ్మంలోకి వచ్చి నిజంగా ఏమైందో కనుక్కునేటప్పటికి, ఆ మాట ఆమెను దాటి చాలా దూరం వెళ్లిపోయింది.

పావుగంటలో దుకాణం ముందు పదకొండు మంది పోగయ్యారు. పలకరించడానికే వచ్చారు, కాదనలేం. కాకపోతే ఒక్కొక్కరి గుడ్డా ఆయన దగ్గరుంది. కాలు లేని దర్జీ మిషను ఎలా తొక్కుతాడన్న సందేహం పదకొండు మొహాల్లోనూ ఉంది. మొదట ఒకావిడ, తొందరేం లేదు గానీ నా జాకెట్టు ముక్క ఉందా అంది. దాంతో అందరికీ నోళ్లొచ్చాయి. దర్జీ మాట పడే మనిషి కాడు. ఎవరి గుడ్డ వాళ్లకి అప్పజెప్పాల్సిందేనని లేచి, కుడికాలు మడిచి గాల్లో పెట్టి, ఎడంకాలి మీద గెంతుతూ అల్మారా దగ్గరికి వెళ్లాడు. గెంతు గెంతుకీ ఆయన మొహం మెలితిరిగిపోయింది. నుదుట చెమట పట్టింది.

"చూశారా," అంది అక్కగారు వచ్చినవాళ్లతో, "గాల్లో ఉన్న కాలికే అంత నొప్పి. కింద పెడితే ఏమయ్యేవాడో."

ఒకాయన ప్యాంటు సగం అయింది. ఒక కాలు కుట్టి ఉంది, రెండోది ముక్కలుగా ఉంది. పర్వాలేదు, ఒక కాలే చాలు, ఇచ్చేయండి అన్నాడాయన కంగారులో. అన్నాక దర్జీ కాలి వైపు చూసి, తానేమన్నాడో అర్థమై, ప్యాంటు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికి దర్జీ పన్నెండు గెంతుల్లో పదిమందికి గుడ్డలు సర్దేశాడు. ఎక్కించేటప్పుడు ఆయన భార్యతో చెప్పిన మాట ఒక్కటే. అమ్మాయి ఫోనెత్తితే డ్యూటీ వదిలి రావద్దని చెప్పమన్నాడు, ఇవాళ సంతకం రోజు.

పదకొండింటికి అమ్మాయి టీకి లేచింది. లేస్తూ గోడ మీద తెర వైపు చూసింది. ఆ రోజు ఆపరేషన్ల జాబితాలో అయిదో వరసలో, ఎర్ర అక్షరాల్లో, వాళ్ల నాన్న పేరుంది.

 నాన్న పడిపోయాడు, నాకెవరూ చెప్పలేదు అనుకుంది. మళ్లీ చదివింది. కుడిపాదం. జారి పడటం. ఫిల్మ్ సమయం ఎనిమిదీ నలభై. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. చుట్టం మెట్టు మీద, ఇసుక సంచీ కింద, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

పేరు కొట్టేద్దామని కూర్చుంది. నివేదిక వచ్చిన ఫిల్మ్‌ని పెద్ద డాక్టరుగారు తప్ప ఎవరూ తీసేయలేరని కంప్యూటరు చెప్పింది. పెట్టె తాళం తీసి ఫోను చూసుకుంటే పద్నాలుగు కాల్సు. తల్లికి చేసింది.

"కంగారుపడకు తల్లీ, అంబులెన్సులో ఉన్నాం. మీ నాన్న డ్యూటీ వదలొద్దన్నారు. కుడికాలు కింద పెట్టనివ్వలేదులే, నేను పట్టుకునే ఉన్నాను."

అమ్మాయి ఫోను పెట్టేసి మెట్ల వైపు నడిచింది. నిజానికి ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉంటే సరిపోయేది. ఎముకల డాక్టరు కాలు చూస్తాడు, ఏమీ లేదని తేలుతుంది, ఎక్కడో ఫిల్ములు తారుమారయ్యాయని అందరూ అనుకుంటారు, నాలుగింటికి కాగితం చేతికొస్తుంది. ఇదంతా ఆమె బుర్రలో తిరగడానికి మెట్లు దిగేంత సేపు పట్టింది. మెట్లు దిగాక ఆమె ఎముకల డాక్టరు గది వైపే పరుగెత్తింది. ఆపరేషను గదిలో సామాను ఉడకబెట్టడం మొదలైందని దారిలో ఎవరో చెప్పారు.

గదిలో తండ్రి మంచం మీద ఉన్నాడు. ఎముకల డాక్టరు కుడిపాదాన్ని నొక్కి చూస్తున్నాడు. ఆయన ఎప్పుడూ తర్వాతి పనికి ఆలస్యమైన మనిషి.

"ఇక్కడ నొప్పా?"

"మీరు నొప్పంటే నొప్పే సార్," అన్నాడు తండ్రి.

"ఇక్కడ?"

"ఫిల్మ్‌లో ఎక్కడుందో అక్కడే ఉంటుంది కదండీ."

అమ్మాయి గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. ఆ ఫిల్మ్ మనిషిది కాదని, ప్లాస్టిక్కు పాదానిదని, పేరు మాత్రమే నాన్నదని, పెట్టింది తానేనని.  ఎముకల డాక్టరు ఫోనెత్తి పెద్ద డాక్టరుగారిని రమ్మన్నాడు. ఆయన వచ్చి అంతా నిలబడే విన్నారు. పెద్దగా మాట్లాడే అలవాటు లేని మనిషి. 

"లేని రోగిని సృష్టిస్తే ఏమవుతుందో తెలుసా?"

"ఉద్యోగం పోతుంది సార్."

"నాలుగింటికి రా."

ఎర్ర గుర్తు పడిన మనిషిని ఊరికే ఇంటికి పంపడానికి రూలు ఒప్పుకోదు. కుడిపాదానికి నిజమైన ఫిల్మ్ ఒకటి తీసి, బాగుందని రాయాలి. పడుకోబెట్టి తీస్తే చాలు, ఆ మాత్రం దానికి నిలబెట్టక్కర్లేదన్నాడు ఎముకల డాక్టరు. అమ్మాయే తీసింది. తండ్రిని బల్ల మీద పడుకోబెట్టి కుడిపాదాన్ని సరిచేసింది. తండ్రి ఆమె చేతుల్నే చూస్తూ, కాలు బాగులేకపోయినా ఫరవాలేదు, నీ సంతకం మాత్రం అయిపోవాలి అన్నాడు. కుడిపాదం నిక్షేపంగా ఉంది.

ఫిల్మ్ పలక తీసుకోవడానికి ఆమె బల్ల చివరికి వెళ్లింది. అక్కణ్నించి రెండు అరికాళ్లూ కనిపిస్తాయి. ఎడం అరికాలి మధ్యలో, పళ్లెంలా గుంటగా ఉండే చోట, రూపాయి బిళ్ల కన్నా పెద్దది నీలం మచ్చ ఉంది.

"ఇదేంటి నాన్నా?"

"సుద్ద. నీలం సుద్ద మీద కాలు పడింది."

అమ్మాయి దూది తడిపి తుడిచింది. మచ్చ పోలేదు. తండ్రి పళ్ల మధ్య నుంచి గాలి పీల్చాడు. పాదం పైన వాచే దెబ్బలు చాలా ఉంటాయి గానీ, అరికాలి మధ్యలో నెత్తురు గడ్డకట్టిందంటే మధ్యపాదం కట్టు తెగిందేమోనని ముందు అనుమానించాలని ఆమె చదువుకుంది. పరీక్షలో ఆ ప్రశ్నకి అయిదు మార్కులు. ఆమె అయిదుకి అయిదు తెచ్చుకుంది.

అప్పుడు ఒక్కొక్క మాటే బయటికొచ్చింది. పది రోజుల కిందట గుడ్డల మూట దించడానికి స్టూలెక్కాడు. స్టూలు ఒరిగింది. ఎడంపాదం మడతపడి, ఒంటి బరువంతా దాని మీద పడింది. లోపల ఏదో పుటుక్కుమంది. మర్నాటి నుంచి మిషను కుడికాలితోనే తొక్కుతున్నాడు.

"మరి పొద్దున కుడికాలన్నప్పుడు ఎడంకాలి సంగతి ఎందుకు చెప్పలేదు?"

"ఎడంకాలి నొప్పికి మూలం కుడికాల్లో ఉంది కాబోలు, మీవాళ్లు అసలు మూలమే పట్టేశారనుకున్నా."

"పది రోజులు నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

తండ్రి కప్పు వైపు చూశాడు. "చెబితే నువ్వు సెలవు పెడతావు. ఏడాదంతా ఒక్కటీ పెట్టకుండా వచ్చావు, చివరి నెలలో నా కాలి కోసం మచ్చ పడటమెందుకు? ఇవాళ సంతకం అయిపోతే రేపు చెబుదామనుకున్నా."

పొద్దున్నించీ ఆయన గెంతిన గెంతులన్నీ ఆ కాలి మీదేనని అమ్మాయికి అప్పుడు తట్టింది. ఆమె కళ్లు తుడుచుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

పొద్దున్నించి ఈ ఇంటి కాళ్లే చూస్తున్నానని ఆయన విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ఎడంకాలికి పడుకోబెట్టి ఒక ఫిల్మ్ తీయమన్నాడు. తీసింది. ఎముకలన్నీ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. చూశావా, బెణుకు, ఇంటికి తీసుకెళ్లు అన్నాడు.

"నిలబెట్టి తీద్దాం సార్. రెండు కాళ్లూ కలిపి."

"ఒక్క మనిషికి ఒక్క రోజులో ఎన్ని ఫిల్ములు? పెద్దాయన ముందే కోపంగా ఉన్నారు. ఇదీ వట్టిదని తేలితే నాలుగింటికి నీ కాగితం గతేంటి?"

"నాలుగింటి సంగతి నాలుగింటికి చూసుకుంటాను సార్. ముందు కాలు."

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అడ్డంగా నిలబడ్డానని ఆమెకి తెలియదు, ఆయనకి మాత్రం బయటికి వెళ్లే దారి కనిపించలేదు. చీటీ మీద ఫిల్మ్ రాసి, రేపు తన మీదికి రాకుండా చివర "టెక్నీషియను పట్టుదల మీద" అని చేర్చి సంతకం గిలికాడు.

తీరా మెట్టు దగ్గరికి వచ్చాక తండ్రి ఎక్కనన్నాడు. ఎక్కితే కుడికాలు కింద పెట్టాలి. పెట్టొద్దన్నారు. ఆ ఫిల్మ్ నాది కాదు నాన్నా, ప్లాస్టిక్కుది అని అమ్మాయి చెప్పింది. కుడికాలు బాగుందని ఎముకల డాక్టరు చెప్పాడు. తండ్రి వినయంగా విని, ఆ పెట్టొద్దన్నావిడ పెట్టమంటే పెడతానన్నాడు. ఫోన్ సిస్టరుని రెండో అంతస్తు నుంచి పిలిపించారు. ఆమె ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. విషయం విని, రాతలో ఉందా అని అడిగి, ఉందన్నాక తండ్రి ముందు నిలబడింది.

"కుడికాలు కింద పెట్టండి."

పెట్టాడు. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడమని అమ్మాయి చెప్పింది. సమంగా నిలబడే క్షణంలో ఆయన చెయ్యి కూతురి భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఫిల్మ్‌లో ఏముందో ఆమెకి చూడకుండానే తెలిసిపోయింది.

తెర మీద రెండు పాదాలూ పక్కపక్కన తేలాయి. కుడిపాదంలో ఎముకలు భుజం భుజం కలిపి ఉన్నాయి. ఎడంపాదంలో మొదటి రెండింటి మధ్య నల్లటి సందు, నాలుగు మిల్లీమీటర్లు. అరగంట ముందు పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో లేని సందు. ఎముకల డాక్టరు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ అంతవరకు చూడలేదు. ఇంకో నెల ఇలాగే నడిస్తే పాదం మధ్యలో వంపు కిందికి కుంగిపోయేదని, ఆ తర్వాత మిషను తొక్కడం మాట దేవుడెరుగు, ఈయన నడవడమే కష్టమయ్యేదని మెల్లగా అన్నాడు. ఆపరేషను జాబితాలో అయిదో వరస కొట్టేయక్కర్లేదన్నాడు. కుడి అన్న మాట కొట్టేసి ఎడమ అని రాస్తే చాలు.

రూలు ప్రకారం ఆ ఫిల్మ్ కూడా ఇంకో ఊరి డాక్టరుకి వెళ్లింది. జవాబు మూడింటికి వచ్చింది. "ఉదయం ఫిల్మ్‌తో పోల్చి చూడగా కుడిపాదం ఆశ్చర్యకరంగా కోలుకున్నది. సందు మూసుకున్నది. కండ కూడా వచ్చింది. అయితే ఇబ్బంది ఎడమపాదానికి మారింది. కొద్ది గంటల్లోనే ఇంత మార్పు నా ఇరవై ఏళ్ల అనుభవంలో చూడలేదు. రోగి ఏం మందు వాడుతున్నాడో దయచేసి తెలపగలరు."

నాలుగింటికి అమ్మాయి పెద్ద డాక్టరుగారి గదికి వెళ్లింది. ఆయన ముందు నాలుగు ఫిల్ములు, ఎముకల డాక్టరు చీటీ ఉన్నాయి. ఆయన ఆ చీటీలో చివరి మూడు మాటల దగ్గర వేలు పెట్టి చాలాసేపు చదువుకున్నారు. మూడు మాటలకి అంత సేపు పట్టదు.

"పొద్దున ఎవరూ లేని చోట మనిషి ఉన్నాడని రాశావు. మధ్యాహ్నం ఏమీ లేదన్న చోట దెబ్బ ఉందని నిలబడ్డావు. మొదటిదానికి నిన్ను పంపించేయాలి. రెండోదానికి నిన్ను పంపించకూడదు. ఏం చేయమంటావు?"

"రూలు ఏం చెబితే అదే చేయండి సార్," అంది అమ్మాయి. ఆమె నిజంగానే అన్నది. ఆమెకి అంతకన్నా తెలివైన జవాబు తట్టలేదు.

ఆయన సొరుగులోంచి రెండు కాగితాలు తీశారు. ఒకటి మెమో. తండ్రి పేరు, గుర్తింపు సంఖ్యతో సహా ఉదాహరించి, లేని రోగి పేర ఫిల్మ్ తీసినందుకు తీవ్రంగా మందలించడమైనది. రెండోది ఉద్యోగం పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు. రెండింటి మీదా ఒకే తేదీ వేసి, ఒకే పెన్నుతో సంతకం పెట్టారు. ఆమె రెండూ తీసుకుని నమస్కారం పెట్టి బయటికొచ్చేదాకా ఏడవలేదు. బయటికొచ్చాక వరండాలో చీపురు పట్టుకున్న ఆయా కంగారుపడేంతగా ఏడ్చింది.

ఆ రోజుకి వేళ దాటిపోవడంతో ఆపరేషను మర్నాడు జరిగింది, బాగానే జరిగింది. నాలుగు నెలల తర్వాత దర్జీ మళ్లీ రెండు కాళ్లతో మిషను తొక్కాడు. ఆ నాలుగు నెలలూ వచ్చినవాళ్లందరికీ కూతురి కాగితాలు చూపించాడు. రెండింటిలో ఒకటి అద్దం కట్టించి దుకాణం గోడకి వేలాడదీద్దామనుకున్నాడు. ఆయనకి చదవడం రాదు, తన పేరు మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాడు. ఆసుపత్రి ముద్ర, పెద్ద డాక్టరుగారి సంతకం, కూతురి పేరు రెండింటిలోనూ ఉన్నాయి. తన పేరు మాత్రం ఒకదానిలోనే ఉంది. అద్దం దానికే కట్టించాడు.